టీచరమ్మ అసెంబ్లీకి వెళ్లారు

పంజగుట్టలో బస్సెక్కి నాంపల్లి వైపు పోతుంటే, లకడీకాపూల్ దాటాక తెల్లని పెద్ద భవనం కనిపిస్తుంది. మీరూ చూసే ఉంటారు. అదే అసెంబ్లీ. దాన్నే శాసనసభ అంటాం. మనం ఓటేసి గెలిపించిన ఎమ్మెల్యేలు అక్కడ చట్టాలు చేస్తారు. మంత్రులను ప్రశ్నలు అడుగుతారు. అలా గట్టిగా అడిగిన ఒక టీచరమ్మ గురించి చదువుదాం. ఆమె పేరు జె. ఈశ్వరీబాయి.

ఆమె 1918లో సికింద్రాబాదులోని చిలకలగూడలో పుట్టారు. దళిత కుటుంబం. ఆ రోజుల్లో ఆడపిల్లను బడికి పంపడమే అరుదు. ఆమె మాత్రం కీస్ హైస్కూల్లో చదివారు. చిన్న వయసులోనే పెళ్లయింది. పూనాలో అత్తవారిల్లు. తర్వాత సికింద్రాబాదుకు తిరిగి వచ్చేశారు. వచ్చాక ఎట్లా బతకాలి? చదువు ఉంది కదా! పరోపకారిణి అనే బడిలో టీచరుగా చేరారు. తన జీతంతో తాను బతికారు. కూతురు గీతను డాక్టరు చదివించారు.

బస్తీ జనానికి ఆమె బాగా తెలుసు. అందుకే 1950ల మొదట్లో చిలకలగూడ నుంచి మున్సిపల్ కౌన్సిలరుగా గెలిపించారు. ఏ పార్టీ అండా లేకుండానే గెలిచారు.

1967లో ఎల్లారెడ్డి నుంచి ఎమ్మెల్యేగా పోటీ చేశారు. అది అప్పుడు నిజామాబాదు జిల్లా, ఇప్పుడు కామారెడ్డి జిల్లా. ఆమెది రిపబ్లికన్ పార్టీ. అంబేద్కర్ గారి ఆలోచనతో పుట్టిన పార్టీ అది. ఎదురు నిలబడింది కాంగ్రెస్ తరఫున టి.ఎన్. సదాలక్ష్మి. ఆమె కూడా దళిత మహిళే, డిప్యూటీ స్పీకరుగా చేసినవారు. ఇద్దరూ ఇద్దరే! ఈశ్వరీబాయి గెలిచారు.

మరుసటి ఏడు, 1968లో, కృష్ణా జిల్లా కంచికచర్లలో ఘోరం జరిగింది. కోటేశు అనే దళిత యువకుడి మీద దొంగతనం నింద వేశారు. బతికుండగానే కాల్చి చంపారు. ఈ సంగతి అసెంబ్లీకి వచ్చింది. ఒక మంత్రి లేచి, దొంగతనం చేస్తే ఊరుకుంటారా అన్నట్టు మాట్లాడారు. ఈశ్వరీబాయి కాలి చెప్పు తీసి చూపించారు!

సభలో చెప్పు చూపించడం పద్ధతేనా అని కొందరు అడుగుతారు. నన్నడిగితే, మనిషిని కాల్చినదాన్ని సమర్థించడం ఏం పద్ధతి? దొంగతనం చేశాడో లేదో తేల్చాల్సింది కోర్టు. శిక్ష వేయాల్సిందీ కోర్టే. ఆ మాట సభలోనే ఒకరు గట్టిగా గుర్తు చేయాల్సి వచ్చింది.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఆమె ముందు నిలిచారు. 1972లో ఎల్లారెడ్డి వాళ్లు మళ్లీ ఆమెనే గెలిపించారు. 1989లో కూతురు గీతారెడ్డి కూడా ఎమ్మెల్యే అయ్యారు. ఆ గెలుపును ఈశ్వరీబాయి కళ్లారా చూశారు. 1991లో కన్నుమూశారు.