మైదానంలోనూ మాస్టారే... మన రహీమ్ సాబ్

"తోలు మీది, ఎముకలు మావి" అంటూ పిల్లవాణ్ని ఉస్తాద్‌కు అప్పగించడం మన పెద్దల అలవాటు. దండించే హక్కు ఇస్తున్నామన్నది ఆ మాటకు పైపై అర్థం. బిడ్డను అమానత్‌గా మీ చేతిలో పెడుతున్నామన్నది అసలు అర్థం. ఆ అమానత్‌ను చివరి శ్వాస వరకు కాపాడిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియాలో చదివి, అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత బడిపంతులయ్యారు. కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పనిచేశారు. 1943 నుంచి తుదివరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా సేవలందించారు. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత స్వీకరించారు. ఆ ఏడాది మొదలుకొని 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ ఆ జట్టుదే!

మైదానంలోనూ ఆయన పంతులుగానే మెలిగారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలన్న నియమంతో పోటీలు పెట్టేవారు. రాని పాఠాన్నే మళ్లీ మళ్లీ చదివించడం మంచి గురువు లక్షణం కదా! సికింద్రాబాద్ శివారు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం నిరుపేద కుర్రాడు. శిక్షణకు రావడానికి దారి ఖర్చులు కూడా లేవు. అద్దె సైకిలుకు డబ్బులిచ్చి రప్పించుకున్నారు రహీమ్ సాబ్. ఆయన చూసింది కుర్రాడి మతం కాదు, అతని ఆట. ఆ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. రహీమ్ శిక్షణలోని ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

అంతకుముందు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన జట్టు స్వర్ణం గెలిచింది. అసలు పరీక్ష మాత్రం 1962లో జకార్తాలో ఎదురైంది. అప్పటికే కేన్సర్ ఆయనను లోలోపల తినేస్తోంది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. రాజకీయ వివాదంతో స్థానిక ప్రేక్షకులు మనవాళ్లపై ఆగ్రహంగా ఉన్నారు. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరసలో ఆడించారు. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్లో అదే కొరియాపై 2-1తో గెలిచాం. ఒక గోలు పి.కె. బెనర్జీది, మరొకటి ఆ జర్నైల్ సింగ్‌దే! జట్టులో మన హైదరాబాద్ బిడ్డలు థంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, 53 ఏళ్ల వయసులో రహీమ్ సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత స్వర్ణం దక్కలేదు. ఆయన కథ 2024లో 'మైదాన్' పేరిట సినిమాగా వచ్చింది. అంతవరకు మన పిల్లల్లో ఎందరికి ఆయన పేరు తెలుసు?

మనిషి పోయాక కూడా పుణ్యం అందించేది సదఖ జారియా. ఇతరులకు ఉపయోగపడే విద్య అందులో ఒకటి. అసర్ నమాజ్ తర్వాత బంతి పట్టుకుని వెళ్లే కుర్రాణ్ని చూసి 'చెడిపోతున్నాడు' అనకండి. బడిగంట మోగాక కూడా ఆ పిల్లలతో ఎండలో నిలబడే మాస్టారు మీ బస్తీలోనూ ఉండవచ్చు. బతికుండగానే ఆయనకో సలాం చెప్పండి. రహీమ్ సాబ్‌కు అల్లాహ్ స్వర్గంలో ఉన్నత స్థానం ప్రసాదించుగాక! ఆమీన్.