'ఒళ్ళు పులియడం': బరువుల వ్యాయామారంభంలో కండరాల నొప్పి - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: బరువులతో వ్యాయామం ప్రారంభించినవారికి మరునాటినుండి కలిగే కండరాల నొప్పికి లాక్టిక్ ఆమ్లమే కారణమన్న అభిప్రాయం లోకంలో బలంగా నాటుకొని ఉంది. ఆ అభిప్రాయం ఏర్పడిన తీరును, దానిని ప్రయోగాలు తోసిపుచ్చిన విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. నొప్పి వచ్చిన తర్వాత చేసే ఉపచారాలకంటె తొలి వ్యాయామపు మోతాదే ముఖ్యమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కండరాల నొప్పి, బరువుల వ్యాయామం, లాక్టిక్ ఆమ్లం, సాగుదల సంకోచం, వ్యాయామ మోతాదు.

1. ఉపోద్ఘాతం

బడిలో గుంజీలు తీసినవారికి ఒక విషయం గుర్తుండే ఉంటుంది. తీసిననాడు కాళ్ళు వణుకుతాయే గాని పెద్దగా నొప్పి ఉండదు. మరునాడు ఉదయానికి తొడలు బిగిసిపోతాయి. మూడోనాడు కింద కూర్చొని లేవడమే గండమవుతుంది. ఆ తర్వాత ఏ వైద్యమూ లేకుండానే నొప్పి క్రమంగా మాయమవుతుంది. వ్యాయామశాలలో తొలిసారి బరువులెత్తినవారు అనుభవించేదీ ఇదే. శరీరక్రియాశాస్త్రం దీనిని ఆలస్యంగా మొదలయ్యే కండరాల నొప్పిగా వ్యవహరిస్తుంది. వ్యాయామం తర్వాత సాధారణంగా 12 నుండి 24 గంటలలో మొదలై, 24 - 72 గంటల మధ్య తీవ్రమై, వారంలోపు తగ్గిపోవడం దీని క్రమం. కదలకుండా ఉంటే నొప్పి దాదాపు తెలియదు. కండరాన్ని నొక్కినా, సాగదీసినా, వాడినా తెలుస్తుంది.

తనంతట తానే తగ్గిపోయేది కాబట్టి దీనిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కాని దీని పర్యవసానం చిన్నది కాదు. గంటల తరబడి కూర్చొని చదివే, రాసే వృత్తులలోనివారు నలభై దాటాక వైద్యుని సలహాపై బరువుల వ్యాయామం మొదలుపెట్టి, మూడోనాటి నొప్పికి భయపడి మానేయడం మన చుట్టూ చూస్తున్నదే. మరికొందరు నొప్పి ఎంత ఎక్కువైతే ఫలితం అంత ఎక్కువని నమ్మి ఒంటిని హింసించుకుంటారు. ఈ రెండు పొరపాట్లకూ మూలం నొప్పి కారణాన్ని తప్పుగా అర్థం చేసుకోవడమే.

2. పులుపునుండి ఆమ్లానికి

తెలుగులో ఈ స్థితిని చెప్పడానికి 'ఒళ్ళు పులిసిపోయింది', 'కాళ్ళు పులిసిపోయాయి' అనే వాడుకలు ఉన్నాయి. పిండికీ పెరుగుకూ వాడే క్రియనే శ్రమించిన శరీరానికీ వాడుతున్నాం. రుబ్బిన పిండి వెంటనే పులియదు, ఒక రాత్రి గడవాలి. ఆలస్యంగా వచ్చే నొప్పికి ఇంతకంటె తగిన క్రియాపదం దొరకడం కష్టం. ఆ పులుపును రసాయనార్థంలో తీసుకున్నప్పుడే చిక్కు వస్తుంది.

లాక్టిక్ ఆమ్లాన్ని 1780లో స్వీడన్ రసాయనవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే పులిసిన పాలనుండి వేరుచేశాడు. 1907లో ఫ్లెచర్, హాప్కిన్స్ అనే ఇద్దరు ఆంగ్ల శాస్త్రజ్ఞులు అలసిన కప్ప కండరాలలో ఈ ఆమ్లం పోగవుతుందని నిరూపించారు. కండరాల శక్తి వినియోగంపై చేసిన పరిశోధనలకు ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్ 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఇంతటి ప్రతిష్ఠ లభించిన తర్వాత, అలసటకు చెప్పిన కారణాన్ని మరునాటి నొప్పికి కూడా అంటగట్టడం సులభమైపోయింది.

నిజానికి ఈ రెండింటినీ అంతకుముందే ఒకరు విడదీసి చూపారు. అమెరికాకు చెందిన థియొడోర్ హఫ్ 1902లో ప్రచురించిన పరిశోధనలో, అలవాటులేని కండరం బలమైన స్ప్రింగుకు ఎదురుగా పనిచేసినప్పుడు వచ్చే నొప్పి కేవలం అలసట కాదనీ, కండరం లోపల ఏర్పడే చిరుగులే దానికి కారణమై ఉండాలనీ ప్రతిపాదించాడు. సూక్ష్మదర్శినితో నిర్ధారించే అవకాశం లేని రోజులలో ఇది సాహసోపేతమైన ఊహ. అది దాదాపు ఎనభై ఏళ్ళు మూలన పడి ఉండడం శాస్త్రచరిత్రలోని విచిత్రాలలో ఒకటి.

ఆమ్లవాదానికి కాలమే మొదటి అభ్యంతరం. వ్యాయామం ఆపిన తర్వాత సుమారు గంటలోనే రక్తంలో లాక్టేటు మామూలు స్థాయికి చేరుతుంది. గుండె, ఇతర కండరాలు దానిని ఇంధనంగా వాడుకుంటాయి. గంటలో పోయే పదార్థం రెండోనాటి నొప్పికి కారణం కాజాలదు. రెండో అభ్యంతరం ప్రయోగపూర్వకమైనది. 1983లో ష్వేన్, ఆయన సహచరులు కొందరిని ట్రెడ్‌మిల్‌పై 45 నిమిషాలపాటు ఒకసారి సమతలంగానూ, మరోసారి వాలు దిగుతున్నట్లుగానూ పరుగెత్తించారు. సమతలంపై పరుగెత్తినప్పుడు లాక్టేటు పెరిగింది గాని తర్వాత చెప్పుకోదగ్గ నొప్పి రాలేదు. వాలున దిగినప్పుడు లాక్టేటు పెరగలేదు, నొప్పి మాత్రం వచ్చింది. బరువెత్తుతుండగా కండరంలో పుట్టే మంట వేరు, మరునాటి నొప్పి వేరు అని దీనివల్ల స్పష్టమవుతుంది.

3. దిగేటప్పటి శ్రమ

అయితే వాలున దిగడంలో ఏముంది? కండరం రెండు రకాలుగా బరువును మోస్తుంది. డంబెల్‌ను పైకెత్తేటప్పుడు జబ్బకండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. అదే డంబెల్‌ను మెల్లగా దించేటప్పుడు బరువును ఆపుతూనే సాగుతుంది. మొదటిదానిని కుదింపు సంకోచమనీ, రెండోదానిని సాగుదల సంకోచమనీ ఇక్కడ వ్యవహరిస్తున్నాను. బస్కీలలో కిందికి కూర్చోవడం, మెట్లు దిగడం రెండో కోవకు చెందుతాయి. 1983లోనే న్యూహామ్ బృందం కొందరిచేత ఒక కాలితో మెట్టు ఎక్కించి, రెండో కాలితో దిగే పనిని పదేపదే చేయించింది. తర్వాత నొప్పి వచ్చింది దిగిన కాలి తొడలోనే. అలిపిరి దారిలో 3,550 మెట్లెక్కి, తిరిగి నడిచే దిగివచ్చిన యాత్రికులకు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు. ఎక్కడంలో ఆయాసం, దిగడంలో నొప్పి.

సాగుతూ పనిచేసే కండరంలో తక్కువ తంతువులే ఎక్కువ బలాన్ని భరించవలసి వస్తుంది. తంతువులోని అతిచిన్న సంకోచ విభాగాలైన సార్కోమియర్లలో బలహీనమైనవి హద్దుమీరి సాగి, తిరిగి సరిగా అమరవు. 1981లో స్వీడన్‌లో ఫ్రీడెన్, ఆయన సహచరులు పదేపదే మెట్లు దిగినవారి పిక్క కండరపు ముక్కలను పరీక్షించి, సార్కోమియర్ల సరిహద్దు రేఖలు చెదిరిపోయి ఉండడాన్ని చూపారు. హఫ్ ఊహకు ఆ విధంగా ఆధారం లభించింది.

నొప్పి ఆలస్యానికి కూడా ఇక్కడే సమాధానం ఉంది. చిరుగు ఏర్పడిన వెంటనే నొప్పి పుట్టదు. దెబ్బతిన్న తంతువులలోకి కాల్షియం చేరడం, మరమ్మతుకు తెల్ల రక్తకణాలు రావడం, వాటితోపాటు వెలువడే రసాయనాలు నాడీ అగ్రాలను సున్నితం చేయడం ఇవన్నీ గంటలమీద జరిగే పనులు. అంటే మనకు తెలిసే నొప్పి చాలావరకు మరమ్మతు జరుగుతున్న చప్పుడే. చిరుగుల పరిమాణానికీ నొప్పి తీవ్రతకూ సరైన నిష్పత్తి కనిపించదు. కాబట్టి నొప్పిని వ్యాయామ ఫలితానికి కొలబద్దగా వాడడం సరికాదు.

4. తొలి వ్యాయామం ఇచ్చే రక్షణ

ఈ విషయంలో నాకు అన్నిటికంటె ముఖ్యమని తోచేది ఒకటి ఉంది. అదే వ్యాయామాన్ని కొన్ని రోజుల తర్వాత మళ్ళీ చేస్తే నొప్పి చాలా తక్కువగా వస్తుంది. ఈ రక్షణ వారాలపాటు, కొన్ని ప్రయోగాలలో ఆరు నెలల వరకూ నిలిచింది. అది పొందడానికి తొలిసారి తీవ్రంగా శ్రమించనక్కరలేదు. లావెండర్, నొసాకా 2008లో ప్రచురించిన ప్రయోగంలో, గరిష్ఠ బలంలో పదోవంతు బరువుతో సాగుదల వ్యాయామం చేసినవారికి రెండు రోజుల తర్వాత 40 శాతం బరువుతో చేసినప్పుడు కలిగే నష్టం తగ్గింది. పదోవంతు బరువు నొప్పి పుట్టించేంతటిది కాదు, అయినా కండరం పాఠం నేర్చుకుంది.

సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలోని 24వ అధ్యాయం తన బలంలో సగంతోనే వ్యాయామం చేయాలని నిర్దేశిస్తుంది. ఆధునిక ప్రయోగాలకు ప్రాచీన గ్రంథాలలో జోస్యాలు వెదకడం నా ఉద్దేశం కాదు. శక్తినంతా ఒకేరోజు ఖర్చుచేయరాదన్న అనుభవజ్ఞానం పాతదని మాత్రమే చెప్పదలచాను.

ఆచరణలో దీని అర్థం సులభం. మొదటి వారంలో ఒక్కొక్క కండర సమూహానికి ఒకటి రెండు వ్యాయామాలు, ఒక్కొక్కటి ఒకటి రెండు వరుసలు చాలు. పదిసార్లు ఎత్తాక మరో ఐదారుసార్లు ఎత్తగలననిపించే బరువే తగినది. మళ్ళీ అదే కండరానికి రెండు రోజుల విరామం ఇవ్వాలి. చేతనైనదానికంటె చాలా తక్కువ చేశానన్న అసంతృప్తి కలిగితే మోతాదు సరిగా ఉన్నట్లే. తర్వాతి వారాలలో ముందు వరుసలను, ఆ తర్వాత బరువును పెంచుకోవచ్చు. దీర్ఘవిరామం తర్వాత తిరిగి మొదలుపెట్టేవారికీ, కొత్త వ్యాయామాన్ని చేర్చుకొనేవారికీ ఇదే వర్తిస్తుంది. రక్షణ ఏ కండరం అలవాటుపడిందో దానికే గాని శరీరమంతటికీ కాదు.

5. నొప్పి వచ్చాక

లోకంలో ఎక్కువగా చెప్పే సలహా కండరాలను సాగదీయడం. 2011లో కోక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష పన్నెండు అధ్యయనాలను పరిశీలించి, దానివల్ల కలిగే ఉపశమనం 100 పాయింట్ల కొలమానంపై ఒకటి నుండి నాలుగు పాయింట్లను మించదని తేల్చింది. మనిషికి తెలిసేంతటి తేడా కాదది. మర్దనకు మెరుగైన ఆధారాలున్నాయి. 99 అధ్యయనాలను క్రోడీకరించిన 2018 నాటి ఒక విశ్లేషణలో అదే ముందు నిలిచింది. వ్యాయామానంతరం ఒంటిని మెల్లగా పిసికించుకోవాలని సుశ్రుతసంహితలోని అదే అధ్యాయం చెప్పడం గమనార్హం. నెమ్మదైన నడక, తేలికపాటి కదలిక ఆ కాసేపు నొప్పిని తగ్గిస్తాయి, గాయాన్ని పెంచవు. వేడినీళ్ళ స్నానం, కాపడం కూడా హాయినిస్తాయి.

చల్లటినీటి తొట్టెలో కూర్చోవడంవల్ల నొప్పి కొంత తగ్గుతుంది. కాని 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో పన్నెండు వారాలపాటు ప్రతి వ్యాయామం తర్వాత 10 నిమిషాలు చల్లటినీటిలో ఉన్నవారికి కండరబలం, పరిమాణం తక్కువగా పెరిగాయి. కండరం పెంచుకోవడానికే శ్రమిస్తున్నవారికి ఇది నష్టపు బేరం. నొప్పి మాత్రల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇబుప్రొఫెన్ వంటివి శరీరంలో నీరు తగ్గిన స్థితిలో మూత్రపిండాలకు చేటు చేయవచ్చు. నిద్ర, తగినంత పప్పు, పాలు, గుడ్లు వంటి మాంసకృత్తుల ఆహారం గురించి వేరే చెప్పనక్కరలేదు.

6. ఇది పులుపు కాదనుకోవలసిన సందర్భాలు

కీలులో పొడిచినట్లుండే నొప్పి, వ్యాయామం చేస్తుండగానే ఒక్కసారిగా పట్టుకున్న నొప్పి, ఒకవైపు పిక్కలోనే వాపుతో వచ్చే నొప్పి ఈ కోవలోనివి కావు. వీటిని వైద్యునికి చూపాలి. కొలెస్టరాల్ తగ్గడానికి స్టాటిన్ మాత్రలు వాడేవారు ఆ మందులే కండరాల నొప్పి కలిగించగలవని తెలుసుకొని, ఆ సంగతి వైద్యునితో చెప్పాలి. సొంతంగా మందు మానరాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది కండరతంతువులు పెద్ద ఎత్తున పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీసే స్థితి. ఒకేసారి వందల గుంజీలు తీసిన యువకులలో కూడా ఇలాంటి ఉదంతాలు వైద్యపత్రికలలో నమోదయ్యాయి. కండరం ఉబ్బి గట్టిపడడం, చేయి చాచలేకపోవడం లేదా మడవలేకపోవడం, మూడు రోజులు దాటినా నొప్పి పెరుగుతూనే ఉండడం, మూత్రం డికాక్షన్ రంగులోకి మారడం దీని గుర్తులు. మూత్రం రంగు మారినట్లు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళి, ఏ వ్యాయామం ఎంత చేశారో చెప్పాలి. రక్తంలో క్రియాటిన్ కైనేజ్ పరీక్షతో దీనిని గుర్తిస్తారు. సకాలంలో సెలైన్ ఎక్కిస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.