కర్త తప్పుకున్న వాక్యం

1985లో విండోస్ తొలి కూర్పుతో వచ్చిన నోట్‌ప్యాడ్ దాదాపు నలభై ఏళ్ళపాటు రాసేవారికి ఏ సలహా చెప్పలేదు. కొట్టిన అక్షరాలు దాచేది, అంతే. 2024 నవంబరులో మైక్రోసాఫ్ట్ అందులోకి 'రీరైట్' అనే సౌకర్యాన్ని ప్రయోగాత్మకంగా తెచ్చింది. కొంత భాగం ఎంచుకుని అడిగితే మూడు పాఠాలు ఎదుట పెడుతుంది. నిడివి మార్చమనవచ్చు, స్వరం లాంఛనంగానో హాస్యంగానో ఉండాలనవచ్చు. రూపాల జాబితాలో వ్యాపార లేఖ పక్కనే కవిత్వం కూడా ఉంది!

దీని వెనకనున్న భాషా నమూనా అపారమైన రాతల నుంచి ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చునో నేర్చుకున్నది. కనుక వాక్యాన్ని పదిమంది నడిచిన దారికే లాగుతుంది. చిక్కంతా ఇక్కడే. 'మేస్త్రీ మా కూలి ఎగ్గొట్టాడు' అన్నదాన్ని లాంఛనం చేయడమంటే ఏమిటి? ఆఫీసు ఫైళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పనే: 'వేతన చెల్లింపులో జాప్యం జరిగింది'. వ్యాకరణ దోషం లేదు. మేస్త్రీ తప్పుకున్నాడు, ఎగవేత జాప్యమైంది. శైలి మార్చామనుకున్నచోట వస్తువే మారిపోయింది. ఏది మర్యాదైన భాష అన్న వివాదం గిడుగు రామమూర్తి గారి నాటి నుంచీ మనకు తెలిసిందే. ఇప్పుడా తీర్పరి పేరూ ఊరూ లేకుండా మెనూలో కూర్చున్నాడు.

అర్జీ కుదించడానికి, పునరుక్తి తీయడానికి ఇది పనికొస్తుంది. అక్కరలేకపోతే సెట్టింగులలో ఆపుకోవచ్చు. వాడేవారు మూలప్రతిని పక్కన పెట్టుకుని, ఎవరు చేశారు, ఎవరికి చేశారు అన్నది ప్రతి వాక్యంలో మిగిలిందో లేదో సరిచూసుకోవాలి. ఎంచుకున్న భాగం ఇంటర్నెట్ మీదుగా కంపెనీ సర్వర్లకు చేరవచ్చు; ఇంకా అచ్చుకాని కథ విషయంలో ఇది మరీ ఆలోచించవలసిన సంగతి.