రొమ్ములో గడ్డ: కత్తికి ముందు సూది

రొమ్ములో గడ్డ తగిలితే మన ఆడవారు మొదట దాచిపెడతారు. ఇక దాచలేక చెప్పిన తరువాత ఇంటిల్లిపాదీ "తీసివేయించండి" అని తొందరపడతారు. నిరుడు మా వదినగారి విషయంలో మేమూ ఆ తొందరే పడ్డాము.

ఆమెకు అరవై రెండేండ్లు. కుడి రొమ్ములో నొప్పి లేని గడ్డ రెండు నెలలలో నిమ్మకాయంత అయినది. మొదట చూపించిన చోట సన్నని సూదితో కాసిని కణములు తీసి, క్యాన్సరేనని చెప్పి, రొమ్ము తీసివేయుటకు రోజు కూడా పెట్టారు. మేము అడ్వాన్సు కట్టి వచ్చాము.

డాక్టరుగారు చెప్పినది కన్నడంలో, రిపోర్టు ఇంగ్లీషులో, ఇంట్లో చెప్పవలసినది తెలుగులో. అందుచేత ఆ రాత్రి కాగితాన్ని నిదానంగా చదివాము. అడుగున చిన్న అక్షరాలలో, ముక్క తీసి పరీక్షించుట అవసరమని ఉన్నది! మరునాడు ఆ పంక్తి చూపించి వేరొక క్యాన్సరు డాక్టరుగారిని అడిగాము. ఆయన లావుపాటి సూదితో ముక్క తీయించి, ప్రత్యేకమైన రంగుల పరీక్షకు పంపారు. తేలినది లింఫోమా.

రక్తంలోని తెల్లకణములలో లింఫోసైట్లు అనే జాతికి పట్టే క్యాన్సరు ఇది. సాధారణంగా మెడలోనో, చంకలోనో, గజ్జలలోనో బిళ్ళలు కట్టి బయటపడుతుంది. రొమ్ములోనే మొదలగుట బహు అరుదు. రొమ్ము క్యాన్సర్లు నూరింటిలో ఒకటి కూడా ఉండదు. మామోగ్రాములో మామూలు రొమ్ము క్యాన్సరు వలెనే కనబడవచ్చును గనుక బొమ్మ చూచి తేల్చలేరు. 1972లో వైజ్‌మన్, లియావో అను వైద్యులు దీనిని గుర్తించుటకు నియమాలు పెట్టినప్పుడు, పరీక్షకు తగినంత ముక్క ఉండవలెననుట అందులో ఒకటి.

ఈ తేడా ఎందుకంటే, రొమ్ము తీసివేసినందువల్ల ఈ జబ్బులో అదనపు మేలు లేదు. వైద్యం మందులతోనే. వదినగారిది ఎక్కువమందిలో కనబడే బి-కణముల రకం. ఆ కణములపై సి.డి.20 అనే గుర్తు ఉంటుంది. రిటుక్సిమాబ్ అనే మందు దానిని పట్టుకుంటుంది. అమెరికాలో 1997లో అనుమతి పొందిన ఆ మందును 2007లో మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వారు తామే తయారుచేసి విడుదల చేశారు. దానిని మరి నాలుగు మందులతో కలిపి 21 రోజులకొకసారి, ఆరు సార్లు ఇచ్చారు. అంతకుముందు ఒళ్ళంతా పెట్-సిటి తీశారు, గుండె బలం చూశారు. హెపటైటిస్-బి పరీక్ష కూడా చేశారు. ఒంట్లో అణగి ఉన్న ఆ క్రిమి ఈ మందుతో తిరగబెట్టవచ్చునట. చివర రొమ్ముకు రేడియేషను ఇచ్చారు.

జుట్టంతా రాలినప్పుడు ఆమె అద్దం తీయించివేసింది. ఇప్పుడు పొట్టిగా, ఉంగరాలు తిరిగి వస్తున్నది. మొన్నటి స్కానులో జబ్బు జాడ లేదు. అయితే ఈ లింఫోమా రెండవ రొమ్ములోనో, మెదడులోనో తిరిగి కనబడవచ్చును గనుక మూడు నెలలకొకసారి చూపిస్తున్నాము. తలనొప్పి వచ్చినా చెప్పమన్నారు. ఆమె మాత్రం అలవాటు కొద్దీ ఇంకా దాచిపెట్టాలనే చూస్తుంది. మేమే అడిగి చెప్పించుకుంటున్నాము.