దూడ ఎదుగుదల: జాతి వంతు ఎంత, పెంపకం వంతు ఎంత?

“మేలుజాతి ముర్రా దున్న వీర్యంతో సూది వేయించాము. అయినా దూడ ఎదగలేదు. ఆ జాతి మంచిది కాదేమో!” సంఘ సభ్యుల నుండి మేము తరచుగా వినే మాట ఇది. జాతిని తప్పుపట్టే ముందు దూడ ఎదుగుదలలో జాతి వంతేమిటో, పెంపకం వంతేమిటో విడదీసి చూడడం అవసరం.

దూడకు వంశ లక్షణాలు సగం తండ్రి నుండి, సగం తల్లి నుండి వస్తాయి. అది పెద్దయ్యాక ఎంత బరువు పెరగగలదో, ఎన్ని పాలు ఇవ్వగలదో చాలావరకు వీటిని బట్టి ఉంటుంది. నాటు దూడను ఎంత మేపినా ముర్రాతో సమానం కాదు. కాని మేలుజాతి దూడ కూడా కడుపు మాడితే నాటు దూడ కన్నా వెనుకబడుతుంది.

పెంపకం దూడ పుట్టక ముందే మొదలవుతుంది. కడుపులో దూడ బరువు ఎక్కువగా పెరిగేది చివరి రెండు మూడు నెలలలోనే. కనుక ఈనడానికి రెండు నెలల ముందే పాలు పిండడం ఆపి, చూడిగేదెకు దాణా పెట్టాలి. తొలిచూలు దూడ సాధారణంగా కొంత తక్కువ బరువుతో పుడుతుంది. అది జాతి లోపం కాదు.

పుట్టిన గంట, రెండు గంటలలోగా దూడకు ముర్రుపాలు పట్టాలి. మాయ పడేవరకు పాలు తీయరాదనే నమ్మకం దూడకు చేటు. రోగనిరోధక శక్తి దూడకు తల్లి కడుపులో అందదు, ముర్రుపాల ద్వారానే అందుతుంది. దానిని గ్రహించే శక్తి గంటగంటకూ తగ్గి, ఒక రోజుకు దాదాపు పోతుంది. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయడం మరువరాదు.

మొదటి నెల దూడ బరువులో పదవ వంతు, రెండవ నెల పదిహేనవ వంతు, మూడవ నెల ఇరవయ్యవ వంతు పాలు రోజూ పట్టాలి. అంటే 30 కిలోల దూడకు మొదట రోజుకు 3 కిలోలు. రెండవ వారం నుండి కొద్దికొద్దిగా దూడల దాణా, లేత పచ్చిమేత అలవాటు చేయాలి. గేదె దూడలకు ఏలికపాములు తల్లిపాల ద్వారానే సంక్రమిస్తాయి. కనుక పది, పదిహేను రోజుల వయసులోనే పశువైద్యుని సలహాతో నట్టల మందు తాగించాలి.

పడ్డ ఎదకు రావడం వయసు కన్నా బరువు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. నేడు దూడకు తగ్గించిన పాలు కేంద్రంలో డబ్బుగా మారవచ్చు. కాని ఆ పడ్డ ఆలస్యంగా ఈనితే, అంతకాలం పాలు లేకుండా మేపవలసినది రైతే. దూడ వంతు పాలు కూడా కేంద్రానికి పోయమని మేము ఏనాడూ కోరము.

సంఘ కార్యదర్శులకు ఒక మనవి. సూదితో పుట్టిన ప్రతి దూడకు ప్రతి నెలా ఒకే తేదీన ఛాతీ చుట్టుకొలత తీసి పుస్తకంలో వ్రాయించండి. ఒకే దున్నకు పుట్టిన దూడలు పలు ఇళ్ళలో బాగుండి ఒక ఇంట్లోనే చిక్కిపోతే లోపం పెంపకంలో ఉన్నట్లే. మంచి పోషణ ఉన్న ఇళ్ళలో కూడా అవి అన్నీ వెనుకబడితే, అప్పుడు దున్నను గురించి ఆలోచించాలి.