రెండు సెకన్ల మెరుపు, టెకాపో కాపలా

2017 ఆగస్టు 18. న్యూజీలాండ్‌లో అర్ధరాత్రి దాటి 41 నిమిషాలు. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలు భూమిని తాకాయి. 1.7 సెకన్ల తర్వాత ఫెర్మి ఉపగ్రహం ఒక గామా మెరుపును పట్టింది. దాని ఆయుష్షు సుమారు రెండు సెకన్లు. పుట్టిన చోటు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 గెలాక్సీ. దూరం తెలిసిన పొట్టి గామా మెరుపుల్లో అతి దగ్గరిది ఇదే.

దగ్గరిదైతే కళ్లు జిగేల్మనాలి. కానీ ఇది చాలా బలహీనం. ఎగజిమ్మిన జెట్ తిన్నగా మనవైపు కాక పక్కకు ఉండటమే కారణం. గురుత్వ తరంగాలు పట్టివ్వకపోతే మామూలు మెరుపుల జాబితాలో కలిసిపోయేదే. అందుకే ఆ తర్వాత శాస్త్రవేత్తలు ఇలాంటివి ఇంకేమైనా దాగున్నాయేమోనని ఫెర్మి పాత రికార్డులన్నీ తిరగేశారు.

గామా కిరణాలను వాతావరణం అడ్డుకుంటుంది. నేల మీది టెలిస్కోపుకు దొరికేది వాటి వెనకే వచ్చే కిలోనోవా, అంటే ఢీలో చెల్లాచెదురైన పదార్థపు వెలుగు. బంగారం వంటి బరువైన మూలకాలు ఆ పదార్థంలో పుడతాయి. ఆ వెలుగు నీలంగా మొదలై, కొద్ది రోజుల్లోనే ఎర్రబడి, మసకబారిపోతుంది. ఆలస్యం చేస్తే ఏమీ మిగలదు.

ఇక్కడే న్యూజీలాండ్‌లోని టెకాపో సరస్సు పక్కనున్న మౌంట్ జాన్ అబ్జర్వేటరీ అక్కరకొస్తుంది. తరంగాలు తాకిన వేళకు ఆ గెలాక్సీ అక్కడ అప్పటికే అస్తమించింది. కొత్త చుక్కను ముందుగా చూసింది చిలీలోని స్వోప్ టెలిస్కోపు. చిలీలో తెల్లవారాక మళ్లీ అక్కడ చీకటి పడేదాకా ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి కదా! జపాన్ శాస్త్రవేత్తల జె-జెమ్ బృందం తరఫున మౌంట్ జాన్‌లోని 1.8 మీటర్ల మోవా, 61 సెంటీమీటర్ల మరో టెలిస్కోపు ఆ వెలుగును గమనించాయి. మోవా అసలు పని సూక్ష్మ గురుత్వ కటకాలతో గ్రహాలను వెతకడం. దాని కెమెరా ఒక్క ఫొటోలో 2.2 చదరపు డిగ్రీల ఆకాశాన్ని, అంటే దాదాపు పది పున్నమి చంద్రులు పట్టేంత మేరను తీస్తుంది. పాత ఫొటోను కొత్తదాన్నుంచి తీసేస్తే, మిగిలే చుక్కే అనుమానితుడు.

న్యూజీలాండ్ పని చూడటంతోనే ఆగలేదు. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో హెలోయిజ్ స్టీవాన్స్, జె.జె. ఎల్డ్రిడ్జ్ బృందం ఆ జంట నక్షత్రాల వంశవృక్షాన్నే గీసింది. వాళ్ల లెక్కలో అవి పుట్టి కనీసం 500 కోట్ల ఏళ్లయింది.

2019 ఏప్రిల్ 25న మరో న్యూట్రాన్ నక్షత్రాల జంట ఢీకొన్న తరంగాలు అందినా, దాని వెలుగు ఎవరికీ దొరకలేదు. ఇలాంటి వేటలో అద్దం ఎంత పెద్దదన్నదానికన్నా, అది ఏ రేఖాంశంలో ఉందన్నదే ఎక్కువ లెక్కకొస్తుంది. పసిఫిక్ దక్షిణాన ఆ కాపలా చోటు న్యూజీలాండ్‌దే.