కుశస్థలీతీరమున శిలారేణువుల సీమలు

1960 వరకు చిత్తూరు జిల్లాలో నుండిన తిరుత్తణికి ఉత్తరమున బారులు దీరిన నగరి కొండలు, వందకోట్ల యేండ్లకు పైబడిన పూర్వకాలమున ఒకానొక సముద్రపు అంచున పేరుకొన్న యిసుక గట్టిపడి యేర్పడిన క్వార్ట్‌జైటు శిలతో కట్టబడినవి. అట్టి శిలలే విరిగి, నీటిలో దొర్లి, నునుపైన గుండ్లయి తిరువళ్లూరు ప్రాంతపు అల్లికుళి కొండలలో చేరగా, ఆ చేరువనే కుశస్థలీనది యొడ్డున అత్తిరంపాక్కమను చోట ఆదిమానవుడు వానిని చెక్కి చేగొడ్డళ్లు చేసికొనెను. 1863 మే నెలలో పల్లావరమున అట్టి పనిముట్టును మొదట కనుగొన్న భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూటు, ఆ సంవత్సరమే విలియం కింగుతో కూడి అత్తిరంపాక్కమును వెలికిదెచ్చెను.

ఆ మానవుడు ఈ రాతినే యేల కోరెను? సమాధానము కంటికి కానరాని కొలతలలో నున్నది. స్ఫటికమనగా పరమాణువులు ఒకే అమరికను మూడు దిక్కులను మరల మరల పాటించిన పదార్థము. ఈ శిలను కూర్చిన పలుగురాతిలో ప్రతి సిలికాను పరమాణువు చుట్టును నాలుగు ఆక్సిజను పరమాణువులు నిలుచును. ఈ క్రమము ఒక్కొక్కయెడ ఒక బిందువు వద్దను, ఒక్కొక్కయెడ ఒక రేఖ వెంబడిని, మరొక్కయెడ ఒక తలము పొడవునను భంగపడును. ఈ మూడవదియే తలదోషము. స్ఫటికపు వెలుపలి ముఖమే అట్టిది, ఏలయన అచటి పరమాణువులకు ఒకవైపున చేయి కలుపు తోడు లేదు. వేర్వేరు దిక్కులకు తిరిగిన రెండు స్ఫటికరేణువులు కలిసికొను సీమయు అట్టిదే: దాని మందము కొన్ని పరమాణువులకు మించదు, కాని అందలి బంధములు సాగియో వంగియో యుండుటచే శక్తి అధికముగా నిలిచియుండును, కావున నీరుగాని, రసాయనముగాని, పగులుగాని తరచుగా ఆ త్రోవనే వెదకును.

పాకము ముదరని నువ్వులుండ గింజకును గింజకును నడుమ విడిపోవునట్లు, సామాన్యమైన యిసుకరాయి రేణువుల చుట్టును తిరిగి పగులును; విరిగిన ముఖము గరుకుగా నుండి, అంచు నిలువదు. భూగర్భమున ఒత్తిడికిని వేడిమికిని లోనైన క్వార్ట్‌జైటులోనో, రేణువులు కరగి, మరల పెరిగి, ఒండొంటి పళ్లలో పళ్లు దూర్చినట్లు పెనవేసికొనుటచే, సీమలు మాయకపోయినను బలహీనత మాయమగును. అప్పుడు పగులు రేణువులను చీల్చుకొనియే సాగును. పలుగురాతికి సులువుగా చీలు తలము లేదు గనుక, ఆ పగులు శంఖాకారమున వంపు తిరిగి, మాంసమును తెగగోయగల వాడి అంచును మిగుల్చును. నా మట్టుకు నాకు, ఆ యెంపిక మానవబుద్ధి సాధించిన తొలి ఘనకార్యములలో నొకటి: పరమాణువు నెరుగనివాడు, సుత్తిరాయి దెబ్బకు లేచు ధ్వనిచేతను పెచ్చు లేచు తీరుచేతను, సీమలు మూసికొన్న రాతిని పోల్చుకొనెను.

ఈ తిరువళ్లూరు జిల్లాలోనే ఆవడిలో యుద్ధట్యాంకులకు వాడు ఉక్కులోను రేణుసీమలదే ప్రధానపాత్ర. అయితే అచట అవి బలమును చేకూర్చును. లోహము వంగునపుడు లోపల కదలు రేఖాదోషములను ప్రతి సీమయు అడ్డగించును గావున, రేణువు చిన్నదైనకొలది లోహము గట్టిపడునని 1951లో హాల్ అను శాస్త్రజ్ఞుడును, 1953లో పెచ్ అను శాస్త్రజ్ఞుడును నిరూపించిరి. మిక్కిలి వేడిలో ఈ ధర్మము తారుమారగును. అందుచేతనే విమానయంత్రములలోని కొన్ని రెక్కలను సీమయే లేకుండ ఏకస్ఫటికముగా పోతపోయుదురు.

అత్తిరంపాక్కపు తొలి పనిముట్ల వయస్సు సగటున పదునైదు లక్షల యేండ్లనియు, పది లక్షలకు తక్కువ గాదనియు పురావస్తుశాస్త్రజ్ఞురాలు శాంతి పప్పు బృందము 2011లో ప్రకటించెను. తరువాతి కాలపు చిన్న పెచ్చుల పనిముట్లు సుమారు 3,85,000 యేండ్ల నాడు మొదలైనవని 2018లో తేల్చెను. పూండిలోని పురావస్తు ప్రదర్శనశాలకు పోవువారు గొడ్డలి ఆకారమును మాత్రమే చూచి మరలక, చెక్కిన పల్లములలో ఒకదానిని నిదానించి చూతురుగాక. పెచ్చు లేచిన తలము రేణువులను తప్పించుకొని పోయినదో, వాని నడుమనుండియే దూసికొని పోయినదో అచటనే పరికింపవచ్చును.